ఆ ఏటి ద్రాక్ష

చేతిలోకి తీసుకున్న విదేశీ వైన్ సీసాను ఆ కొత్త జంట మళ్లీ అరలో పెట్టేసింది. పక్కనున్న ఇక్కడి వైన్ తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"పేరున్నది అదేనండీ," అన్నాడు షాపు యజమాని.

"కావచ్చు. దీని ద్రాక్ష ఏ కొండవాలున పండిందో, ఆ ఏడు వాన ఎంత ఏడిపించిందో ఆ పెద్దావిడ చెప్పింది. దాని సంగతి చెప్పేవాళ్లెవరున్నారు?" అంది అమ్మాయి.

యజమాని అటు చూశాడు.

బూడిదరంగు శాలువా కప్పుకుని అర పక్కనే నిలబడి ఉంది ఆవిడ. నెల రోజులుగా ఇదే వరస. తను ఏమీ కొనదు. ఇక్కడి సీసాలు, అవీ ఆ ఒక్క ఏటి పంటవే, వచ్చినవాళ్లకల్లా అంటగడుతుంది.

జంట వెళ్లాక దగ్గరికి నడిచాడు.

"ఈ వైన్ చేసే ద్రాక్షతోటవాళ్లు నీకెంత ఇస్తున్నారమ్మా?"

"ఎవరూ ఏమీ ఇవ్వరు బాబూ."

"ఊరికే ఇంతసేపు ఎవరు నిలబడతారు? నా చెవిలో పూలు పెట్టకు. రేపట్నుంచి రావద్దు."

ఆవిడ సీసాలను ఒకసారి నిమిరి, వెళ్లిపోయింది.

మర్నాడు ఎదురు పేవ్‌మెంట్ మీద కనిపించింది. ఆ మర్నాడూ అంతే. వానలో తడుస్తూ, అద్దంలోంచి లోపలికే చూస్తోంది. ఆ చూపు వీపుకి గుచ్చుకుంటుంటే యజమాని కర్టెన్ లాగేశాడు.

వారం తర్వాత తీస్తే, అక్కడ ఎవరూ లేరు.

అయినా ఆ అర దగ్గరికి వెళ్లినప్పుడల్లా వెనకాల ఎవరో నిలబడ్డట్టే ఉండేది. తిరిగి చూస్తే ఖాళీ. ఇక్కడి సీసాలు అడిగేవాళ్లూ తగ్గారు. రెండు నెలలు చూసి, మిగిలినవి తీసుకెళ్లమని తోటకు ఫోన్ చేశాడు.

తోట మేనేజరు వ్యాన్‌లో వచ్చాడు.

"మీరు పెట్టిన ముసలావిడ ఉన్నప్పుడే నయం. చకచకా పోయేవి."

"మేమెవర్నీ పెట్టలేదే." పెట్టె ఎత్తబోతున్న మేనేజరు ఆగాడు. "బూడిదరంగు శాలువానా?"

"అవును. మళ్లీ పంపండి. ఈసారి కుర్చీ వేయిస్తాను."

"పోయి రెండు నెలలైంది సార్. ఎక్కడ తడిసిందో ఏమో, జ్వరం తగిలి మళ్లీ లేవలేదు."

యజమాని ఎదురు పేవ్‌మెంట్ వైపు చూశాడు.

"మీ బంధువా?" అని అడిగాడు.

మేనేజరు ఒక సీసా మీది దుమ్ము తుడిచాడు.

"ఆ ఏడు కోత అయిన వారానికి, రసం పులుస్తున్న తొట్టిలోకి దిగి మా పనివాడొకడు ఆ గ్యాస్‌కి ఊపిరాడక చనిపోయాడు. ఇవన్నీ ఆ పిల్లాడు కోసిన ఆఖరి పంట. ఆవిడ వాడి అమ్మ."