మీటర్ల తెర

చెల్లీ, ఎంత సంతోషమో! మా అబ్బాయి ములెంగా ఇవాళ నన్ను ముసలి గాడిదా అని తిట్టాడు!

విమానం కూలి బతికొచ్చాక కంప్యూటర్లో విమానం ఆటే వాడి లోకం. ఇవాళ వాడికోసం నేనే అన్నీ తెరిచాను. మీటర్లు చూపే పక్క తెర నల్లగా ఉండిపోయింది. ఎడాపెడా నొక్కాను.

"ముట్టుకోకు! ముందు ఆట తెరవాలి, తర్వాతే మీటర్లు. ఇది నీ డొక్కు మినీబస్సు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి, ముసలి గాడిదా?"

"ఎప్పుడు చెప్పావురా వెధవా? ఆస్పత్రి నుంచి వచ్చాక నోరు విప్పితేగా!"

ఇద్దరం కొయ్యబారిపోయాం. వాడే అన్నీ మూసి, వరసగా తెరిచాడు. మీటర్లు వెలిగాయి.

"కదలకుండా కూర్చో. మళ్ళీ ముట్టుకుంటే దారిలో దించేస్తా."

కిత్వేలో పెద్దక్కకి, లువాన్షాలో బావకి, మీ ఆయనకి తిట్లతో సహా చెప్పు. వాళ్ళమ్మకి అక్కర్లేదు. తననీ తిట్టమని వాడి వెంటపడింది.