మోటారు మీద భక్తి

నలభై గంపల చిన్నరసాలు ఒడ్డున ఉన్నాయి. పెళ్ళి అవతల లంకలో ఉంది. మధ్యలో కొల్లేరు ఉంది. పడవ వెనకాల బిగించిన పాత మోటారు మాత్రం కదలనంటే కదలనంటోంది.

మామిడిపళ్ళ వర్తకుడు శేషగిరిరావు తాడు చుట్టి లాగీలాగీ చొక్కా తడిపేసుకున్నాడు. నాలుగు రోజుల్నించీ ఇదే వరస. అందుకే ఇవాళ నూజివీడు నుంచి పళ్ళ లారీలోనే మెకానిక్ సువర్ణరాజుని కూడా ఎక్కించుకొచ్చాడు.

"ముసునూరు నుంచి చింతలపూడి దాకా, నేను చెయ్యేసిన ఇంజను మళ్ళీ మొరాయించిన దాఖలా లేదండీ," అన్నాడు సువర్ణరాజు పంట్లాం మడుచుకుంటూ.

"అవన్నీ తోటల్లో ఆయిలింజన్లయ్యా. ఇది పడవ మోటారు."

"నీళ్ళు తోడితే ఆయిలింజను, నీళ్ళు చిమ్మితే పడవ మోటారు. ఇంజనెక్కడైనా ఇంజనేనండీ. పావుగంటలో దీనిచేత పాట పాడిస్తాను, చూడండి."

పక్కనే తన పడవలో గెడ పట్టుకుని నుంచున్న పెద్దిరాజు ఇదంతా వింటున్నాడు. పదేళ్ళుగా శేషగిరిరావు పళ్ళన్నీ లంకలకి చేరేసేది అతనే. మోటారొచ్చాక, అది మొరాయించిన రోజునే అతని పడవకి పని.

"ఇవాళ ఇది నడిచిందంటే ఇంకో మోటారు కూడా తెప్పిస్తాను పెద్దిరాజూ," అన్నాడు శేషగిరిరావు. దాపరికం ఎరగని మనిషి. "రేపట్నించి గెడ పడవతో నాకు పనుండదు. నువ్వు వేరే దారి చూసుకోవాలి మరి."

"మీ చిత్తం బాబుగారూ," అని పెద్దిరాజు మోటారు దగ్గరికొచ్చి చెంపలేసుకున్నాడు. పైనున్న పెట్రోలు టాంకీ మూత మీద గంధం, కుంకం కలిపిన బొట్టు రూపాయి కాసంత మెరుస్తోంది. రోజూ తెల్లారకుండానే వచ్చి అతనే పెడతాడు.

"చూశావా సువర్ణరాజూ," అన్నాడు శేషగిరిరావు. "తన కూడు లాక్కునే మోటారుకి కొల్లేటి పెద్దింట్లమ్మ తల్లి బొట్టు పెట్టి దణ్ణం పెడుతున్నాడు. వీడయ్యా మనిషంటే."

సువర్ణరాజు ప్లగ్గు విప్పాడు. నిప్పురవ్వ బ్రహ్మాండంగా పడింది. కార్బురేటరు విప్పి, కడిగి, ఊది, మళ్ళీ బిగించాడు. టాంకీ మూత తీసి పక్కన పెట్టి, కింద పైపు ఊడదీశాడు. పెట్రోలు ధారగా పడింది. పైపు తగిలించి మూత బిగించేటప్పుడు మాత్రం అంచులు పట్టుకుని జాగ్రత్తగా తిప్పాడు.

"నేను ప్రభువుని నమ్ముకున్నవాణ్ణండీ. అలాగని ఇంకొకళ్ళ అమ్మవారి బొట్టు చెరిపే పాపం నాకెందుకు?"

తాడు చుట్టి లాగాడు. మోటారు గట్టిగా అందుకుంది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. సువర్ణరాజు మీసం దువ్వుకున్నాడు. శేషగిరిరావు గంపలెక్కించమని కేకేశాడు. నాలుగో గంప ఎక్కేలోపల మోటారు దగ్గి, మూలిగి, ఆగిపోయింది.

"పెట్రోలు అందట్లేదు," అన్నాడు సువర్ణరాజు.

"ఇందాక ధారగా పడిందిగా?"

"అదేనండీ దీని టక్కరితనం. మూత తీసి చూస్తే మహా బుద్ధిమంతురాలు."

మళ్ళీ విప్పాడు. మళ్ళీ పెట్రోలు ధారగానే పడింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ అందుకుంది. ఈసారి పడవ పది బారలు పోయి ఆగింది. గెడేసి వెనక్కి లాక్కొచ్చారు.

"బొట్టు ఓ పక్కన అలికినట్టుందండీ," అంటూ పెద్దిరాజు రొంటిన దోపుకున్న కుంకం పొట్లం తీశాడు. వేలు తడిచేసుకుని, మూత మీద నిండుగా దిద్దాడు. శేషగిరిరావు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. సువర్ణరాజు కూడా మర్యాదకి తలపాగా తీశాడు.

మూడోసారి మోటారు మూడు నిమిషాలన్నా ఆడలేదు.

పదకొండయింది. ఇంకా ఆలస్యమైతే గెడ పడవ కూడా రాత్రి భోజనాల వేళకి లంక చేరదు. మిగల పండిన రసాలు రేపటిదాకా ఆగవు. విస్తట్లో నూజివీడు రసం పడుతుందని పెళ్ళివారికి తను మాటిచ్చి ఉన్నాడు. శేషగిరిరావు ఒక్క నిట్టూర్పు విడిచాడు.

"గంపలు నీ పడవలో వేసుకో పెద్దిరాజూ. ఇప్పట్లో నిన్నొదిలే యోగం నాకు లేదు."

"ఆదివారం చర్చి అవగానే వస్తానండీ," అన్నాడు సువర్ణరాజు, మీసం ఏమాత్రం దించకుండా. "దీని అంతు చూడందే ఇంకో ఇంజను ముట్టుకోను."

నలభై గంపలూ ఎక్కాయి. పెద్దిరాజు ముందు, పెళ్ళాం బుజ్జమ్మ వెనక నుంచుని గెడలు వేశారు. ఒడ్డు దూరమవగానే ఆవిడ కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"సిగ్గు లేదయ్యా నీకు? పదేళ్ళనించీ మనకి కూడు పెడుతున్న పడవిది. దీనికి ఒక్కనాడైనా బొట్టు పెట్టావా? మన పొట్ట కొట్టే ఆ ఇనపముక్కకి పొద్దున్నే పూజలా?"

పెద్దిరాజు గెడ చంకన పెట్టుకుని వంగి, వేలికంటిన కుంకం నీళ్ళలో కడుక్కున్నాడు.

"ఆ టాంకీ మూతకి సన్న బెజ్జం ఉంటదే. దాంట్లోంచి గాలి దూరితేనే పెట్రోలు కిందికి దిగుద్దని బిగించినోడు నా ఎదటే చెప్పిపోయాడు. మన పడవకి బెజ్జమెక్కడుంది, బొట్టు పెట్టడానికి?"