పన్నెండో దాత

“ఇది కాపీ మిషన్లో దొరికింది. ఈ సంతకం నీదేనా?” ప్రొఫెసర్ ఇన్సుక్ కణదాత అంగీకార పత్రాన్ని బల్లమీద పెట్టింది.

“నాదే మేడమ్,” అంది సోల్బి. ఆ పిల్ల ల్యాబులో చేరి ఇంకా ఏడాది కాలేదు.

పల్చబడిన గర్భాశయపు పొరను, దాతలిచ్చిన మూలకణాలతో తిరిగి పెంచే ప్రయోగం అది. పన్నెండో దాత దొరికితే సోమవారం పరిశోధన వ్యాసం పత్రికకి వెళ్తుంది. లేకపోతే పోటీలో ఉన్న టోక్యో ల్యాబు వాళ్లు ముందు ప్రచురిస్తారు.

“ఎవరు బలవంతపెట్టారు? మన ల్యాబు మేనేజర్ చాంగ్‌హోనా?”

“అయ్యో, ఆయనకి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి మేడమ్! ఎవరూ అడగలేదు.”

ఇన్సుక్ నవ్వలేదు. “మరి?”

“కొత్తవాళ్ల విందులో మీరే చెప్పారు కదా, మా వయసులో ఉన్నప్పుడు దాతలు దొరక్కపోతే కణాలివ్వడానికి మీరే ఆపరేషన్ బల్లెక్కారని.”

“అది నా కథ. నిన్ను ఎక్కమన్నానా?”

“అనలేదు మేడమ్. చెప్పాక మా గ్లాసుల్లో సోజు మద్యం పోస్తూ ఒక్కొక్కరి మొహం చూస్తారు.”

ఇన్సుక్ పాత దాతల జాబితా ముందుకు లాక్కుంది. ఆసుపత్రి నుంచి దాతల పేర్లు రావు, నంబర్లే వస్తాయి.

“నీకన్నా ముందు ఎంతమంది?”

“నలుగురు అక్కలు, మన ల్యాబు సీనియర్లే.”

తాను బల్లెక్కిన రోజు తననూ ఎవరూ అడగలేదని ఇన్సుక్ ఇరవై ఆరేళ్లుగా గర్వంగా చెప్పుకుంటోంది. ఆనాటి ప్రొఫెసర్ కూడా ఏమీ అనకుండా తన మొహమే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె పత్రాన్ని మడిచి సోల్బి చేతిలో పెట్టింది. “ఆ నలుగురి కణాలూ ప్రయోగంలోంచి తీయించి పక్కన పెట్టించు.”

“మరి సోమవారం?”

“ఏమీ పంపడం లేదు.”

“అక్కల్ని పిలవనా మేడమ్?”

“వద్దు. పిలిస్తే కాదనలేక వస్తారు. నేనే వాళ్ల దగ్గరికి వెళ్తాను.”