మంచం దగ్గర ప్రభు బల్ల

ఆ ఆదివారం మధ్యాహ్నం పటమటలోని ఆ ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద సంపూర్ణమ్మ, ఆమె కొడుకు యేసుకుమార్, కోడలు వినీల, చర్చి నుంచి నేరుగా వచ్చిన పాస్టరు జాన్ పాల్ గారు. ఇక లాభం లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేసిన మనిషికి ప్రభు బల్ల ఇవ్వడానికి వచ్చారాయన. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, చిన్న పెట్టెలోంచి రొట్టె, ద్రాక్షారసం తీసి పెట్టారు. అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పారు.

ప్రార్థన అయిపోగానే ఆయన రొట్టె మీద గుడ్డ కప్పేశారు.

"ఏమైందండీ?" అంది వినీల.

"సంపూర్ణమ్మగారూ, ఇతరుల్ని క్షమించే మాట దగ్గర మీ నోరు ఆగిపోయింది. పోయిన నెలా అక్కడే ఆగింది. నేను చూశాను."

"ఆయాసం అయ్యగారూ."

"ఆ ఒక్క మాటకే వస్తుందామ్మా ఆయాసం?"

యేసుకుమార్ లేచి, తిరుగుతున్న ఫ్యానుని ఇంకొంచెం పెంచాడు.

"శాలిని గురించేగా?" అన్నారు పాస్టరు గారు. "ఏడేళ్లయింది. మంగళగిరిలో మగ్గం నేసే అబ్బాయిని చేసుకుంది. అంతకుమించి ఏం చేసిందమ్మా మీ అమ్మాయి?"

"అంతకుమించి ఏం చెయ్యాలండీ? చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని. అది వెళ్లిన కాడ్నించి గోడ వారకి పోయి కూర్చున్నా. ఒక్కళ్లన్నా 'ఇటు రా సంపూర్ణమ్మా' అన్నారా?"

"దేవుడు మనల్ని వరస చూసి క్షమించలేదమ్మా. ఆయన ఎలాంటివాడో లోకం మనల్ని చూసే తెలుసుకోవాలి. పగ పట్టిన చేతిలో నేను రొట్టె పెట్టలేను."

సంపూర్ణమ్మ ముఖం పాలిపోయింది. "పెట్టకపోతే? నన్నిట్టాగే పంపించేస్తారా? బల్ల లేకుండా?"

"అమ్మాయిని పిలిపించండి. వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను."

ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపటికి తెరిచి, స్టూలు మీది తెల్లగుడ్డ వంక చూసింది.

"ఫోన్ చెయ్యరా దానికి."

"ఆ పేరెత్తితేనే కంచం విసిరేవారు," అని వినీల గొణిగింది. "ఇప్పుడు టీ కూడా నేనే పెట్టాలి కాబోలు."

"పెట్టమ్మా, నాక్కూడా ఓ కప్పు," అన్నారు పాస్టరు గారు నవ్వుతూ.

ముప్పావు గంటలో శాలిని వచ్చింది. మూడంతస్తులూ పరిగెత్తుకుని వచ్చిన మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రావచ్చా అన్నయ్యా?"

"రా," అన్నాడు యేసుకుమార్.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. తల్లిని ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత చిక్కిపోయావేంటమ్మా?"

"నువ్వు లావయ్యావులే," అంది సంపూర్ణమ్మ.

శాలినికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పాస్టరు గారు మంచం మీదికి వంగారు. "చెప్పండమ్మా."

"క్షమించాను."

"నాకు కాదు. అమ్మాయికి, పేరు పెట్టి చెప్పండి."

"శాలినీ, నిన్ను క్షమించానే. దేవుడి ఎదుట చెప్తున్నా."

శాలిని తల్లి పాదాల మీద ముఖం పెట్టి భోరుమంది. సంపూర్ణమ్మ చెయ్యి మెల్లగా వచ్చి ఆమె తల మీద ఆగింది. వినీల కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ ప్రార్థన చెప్పారు. ఈసారి ఆ మాట అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా సంపూర్ణమ్మే చెప్పింది. రొట్టె ముక్కని నాలుక మీద పెట్టించుకుంది. గిన్నెలో చుక్క మిగలకుండా తాగింది.

పాస్టరు గారు పెట్టె సర్దుకున్నారు. వెళ్తూ వెళ్తూ శాలిని తల మీద చెయ్యి పెట్టారు.

"దేవుడెలా ఉంటాడని పిల్లలు నన్ను అడుగుతుంటారమ్మా. ఇకనుంచి మీ అమ్మ పేరు చెప్తాను."

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా సంపూర్ణమ్మ ఏమీ మాట్లాడలేదు.

"ఎవరితో వచ్చావు?" అంది తర్వాత.

"ఆయన బండి మీద తీసుకొచ్చారమ్మా. కింద ఉన్నారు, పాపతో. పైకి రమ్మంటే భయపడ్డారు."

"పాపా?"

"ఐదేళ్లు దానికి. నీ ఫోటో చూపిస్తా ఉంటా. అమ్మమ్మ ఎప్పుడు పిలుస్తదని రోజూ అడుగుద్ది."

"పసిపిల్లని ఎండలో నిలబెట్టావా? వెళ్లి తీసుకురా."

శాలిని చెప్పులు కూడా వేసుకోలేదు. రెండేసి మెట్లు దిగుతూ వెళ్లింది. కింద వేపచెట్టు నీడన బండి మీద ఆమె భర్త గోపీనాథ్ కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని ఉన్నాడు.

"అమ్మ పాపని తీసుకురమ్మంది!" అంది శాలిని రొప్పుతూ. "నన్ను క్షమించిందండీ. నా తల మీద చెయ్యి పెట్టింది."

"నేనూ రానా?"

"ముందు దీన్ని చూడనివ్వండి. తర్వాత నేనే కేకేస్తాను."

పాప ముఖం తుడిచి, గౌను సరిచేసి, చంకనెత్తుకుంది. మూడో అంతస్తుకి వచ్చేసరికి ఆమెకి ఊపిరి అందడం లేదు. గుమ్మానికి అడ్డంగా యేసుకుమార్ నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. చూపు నేల మీద ఉంది.

"తప్పుకో అన్నయ్యా, అమ్మ చూస్తానంది."

అతను కదల్లేదు. అతని వెనక, మంచం మీంచి సంపూర్ణమ్మ గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"క్షమించమన్నాడు దేవుడు, క్షమించాను. ఇంట్లోకి రానివ్వమని ఆయన అన్లేదు. తలుపెయ్యరా."

యేసుకుమార్ తలుపు వేశాడు.