కళ్లంలో మాస్టారు

"ఇక లాభం లేదు. మాస్టారినే తెద్దాం," అంది లాల్‌బీ.

ఆమె మొగుడు గౌస్ బాషా బీడీ ఆర్పేశాడు. ఆ పేరు వింటే అతను ఇప్పటికీ బీడీ ఆర్పేస్తాడు.

కళ్లంలో మిరపకాయ ఆరబోసి మూడు రోజులైంది. ఇంకో పన్నెండు రోజులు ఎండాలి. కళ్లం దారి పక్కనే ఉంది. ఈ ఊళ్లో దొంగలెవరూ లేరు. అందరూ మంచివాళ్లే. పోతూ పోతూ పచ్చడికని ఒక్క పిడికెడు తీసుకుంటారు, అంతే. పిడికెడే కదా అని ఎవరికి వారు అనుకుంటారు. పోయినేడు అలా రెండు బస్తాల కాయ పోయింది. అడిగితే, ఇంత దానికి అంత రాద్ధాంతమా అని మొహం మాడ్చుకుంటారు.

చేను కౌలుది. ఈసారి కూడా కాయ తగ్గితే చేను వదిలేసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి పోతానని గౌస్ బాషా ముందే చెప్పాడు. అతను అన్నంత పనీ చేసే మనిషి. లాల్‌బీ భయం అదే.

మొదట మేనల్లుడు సలీం మాట విని సీసీ కెమెరా పెట్టారు. వార్డు మెంబరు వీరాంజనేయులు దాని ముందు ఆగి, క్రాఫు సరిచేసుకుని, పిడికెడు కాయ సంచిలో వేసుకుని పోయాడు. మనవడున్నవాడు.

అందుకే మాస్టారు.

స్కూలు అటెండరు తోమా సంతోషంగా ఒప్పుకున్నాడు.

"తీసుకెళ్లు లాల్‌బమ్మా. రిటైరైన ఈ పన్నెండేళ్లలో ఆయన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆ పాత గదిలో విరిగిన బల్లల మధ్య ఒక్కరే ఉన్నారు."

ఆటోలో తెచ్చారు. కళ్లానికి తూర్పు గట్టున నిలబెట్టారు. అదే తెల్లచొక్కా, అదే నల్లఫ్రేము కళ్లజోడు. చేతులు కట్టుకుని, నవ్వకుండా.

చెంచురామయ్య మాస్టారు ముప్పై ఏళ్లు ఈ ఊరికి లెక్కలు చెప్పారు. బడిలోనూ కుర్చీలో కూర్చునేవారు కాదు. కొట్టేవారు కాదు. ఊరికే చూసేవారు. ఆ చూపు తన మీద పడిందనిపిస్తే చాలు, పిల్లాడు అడక్కుండానే లేచి పదమూడో ఎక్కం అందుకునేవాడు.

మొదటిరోజే హనుమాయమ్మ వచ్చింది. పిడికెడు కాయ కొంగులో వేసుకోబోయి తలెత్తింది.

"ఊరికే... తాలుకాయ ఏరుతున్నానండీ మాస్టారూ," అంది.

అని ఊరుకోలేదు. అరగంట కూర్చుని, తెల్లబడ్డ తాలుకాయంతా ఏరి పక్కన పోసి మరీ వెళ్లింది.

తరవాత ఒక్కొక్కళ్లే మారారు. సిగరెట్లు తాగేవాళ్లు చుట్టూ తిరిగి చెరువుకట్ట మీదుగా పోయారు. బండి మీద ఫోను మాట్లాడుతూ వచ్చే త్రినాథ్ కళ్లం దాకా వచ్చి ఫోను జేబులో పెట్టుకునేవాడు. నమస్కారాలు మాత్రం చాలా వచ్చాయి. మాస్టారు ఒక్కదానికీ బదులివ్వలేదు. బడిలో ఉన్నప్పుడు ఇచ్చినట్టు కూడా ఎవరికీ గుర్తులేదు.

గౌస్ బాషా ఎండిన కాయ పోసిన కుప్ప వెనక్కి పోయి అన్నం తినేవాడు. లాల్‌బీ ఐదో తరగతిలోనే బడి మానేసింది. అటుగా వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకి సిగ్గేసేది. కొంగు సర్దుకుని గబగబా దాటిపోయేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. ఇద్దరూ పరుగులు పెట్టి కాయ మీద పట్టాలు కప్పారు.

"అయ్యో, మాస్టారు తడిసిపోతన్నారయ్యా!"

"ముందు కాయ సంగతి చూడవే. ఆయనకేం కాదు."

వాన వెలిసింది. మాస్టారు ఉన్నచోటే ఉన్నారు, చేతులు కట్టుకుని. లాల్‌బీ పొడి తువ్వాలుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తున్నంతసేపూ కళ్లలోకి చూడలేకపోయింది.

పదకొండో రోజు ఎండ మండిపోతున్న వేళ వీరాంజనేయులు వచ్చాడు. చేతిలో ఈసారి పెద్ద సంచి. అటూ ఇటూ చూశాడు. దారి మీద ఎవరూ లేరు. కుప్ప వెనకనుంచి లాల్‌బీ చూస్తోంది. ఇక ఈ కాయా పోయినట్టే, చేనూ పోయినట్టే అనుకుంది.

అతను సంచి విప్పి కుప్ప మీద బోర్లించాడు. ఎర్రటి కాయ జలజలా పడింది.

"పోయినేడు తీసుకున్నయ్యీ, ఈ ఏడు తీసుకున్నయ్యీ కలిపి పోశానండీ," అన్నాడు మాస్టారితో. "తప్పయిపోయింది."

మాస్టారు చూస్తూనే ఉన్నారు.

వీరాంజనేయులు ఖాళీ సంచి కింద పెట్టాడు. చేతులు కట్టుకుని పదమూడో ఎక్కం మొదలుపెట్టాడు. ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. నలభై ఏళ్ల కిందటా అక్కడే ఆగాడు. మరోసారి చుట్టూ చూసి, భుజం మీద కండువా తీసి గట్టున పెట్టి, చెవులు పట్టుకుని పది గుంజీళ్లు తీశాడు. ఏడో గుంజీకి మోకాళ్లు పట్టేశాయి. అయినా ఆపలేదు.

లాల్‌బీకి నవ్వు రావాలి. రాలేదు. జాలేసింది. ఎనిమిది దగ్గర ఎంతో ఆమెకీ తెలియలేదు.

ఆ మర్నాడు కాయ బస్తాలకెత్తారు. ఒక్క పిడికెడు తగ్గలేదు. గౌస్ బాషా దాచేపల్లి మాట ఎత్తలేదు. పైయేటికి కూడా ఈ చేనే కౌలుకి అడుగుదామన్నాడు. లాల్‌బీ కళ్లు తుడుచుకుని, మిరపకాయ చేతులతో తుడుచుకున్నందుకు కాసేపు గగ్గోలు పెట్టింది.

సాయంత్రం ఆమె కొంగు సర్దుకుని గట్టు దగ్గరికి వెళ్లి, రెండు వెదురుకర్రలకు బిగించిన తాళ్లు విప్పి, రిటైర్మెంటు సభ నాటి ఆ ఫ్లెక్సీకి పట్టిన దుమ్ము దులిపి, పైయేటికీ పనికొస్తారని మాస్టారిని చుట్టచుట్టి అటక మీద పెట్టింది.