ఓబ్దూలియా అంటే

“ఓబ్దూలియానా! అదేం పేరమ్మా, గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు!”

నది అవతలి నుంచి పడవలో వచ్చిన ఆ బాలింత పకపకా నవ్వింది. తన పేరు హెర్మెలిందా అని చెప్పింది. చంటిపిల్లకు జ్ఞానస్నానం గౌను కుట్టించాలట.

ఓబ్దూలియా పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి తానూ నవ్వింది. బళ్లో ఇంతకంటే ఎక్కువే పడింది.

“ఎప్పుడో స్పెయిన్‌లో బతికిన పుణ్యవతి పేరట. అసలు మాట అరబ్బులదట. దేవుడి దాసి అని అర్థం. ఆవిడ పండగనాడు పుట్టాను. మా నాన్న ఇంకో పేరు వెతికితే ఒట్టు!”

“నీకు నచ్చిందా మరి?”

“పిలిచే మనిషి దొరికాక నచ్చింది.” ఓబ్దూలియా గోడకు వేలాడుతున్న తెల్ల గౌను వైపు చూసింది. “వానలు తగ్గగానే పెళ్లి. ఫిదెన్సియో అని, పశువుల బేరగాడు. గురువారం గురువారం వస్తాడు. అతని నోట వింటే ఇది నా పేరేనా అనిపిస్తుంది.”

హెర్మెలిందా లేచి ఆ గౌను అంచు వేళ్లతో తడిమింది. “బాగా కుట్టుకున్నావు,” అంది.

కాసేపటికి మళ్లీ తనే అంది: “ఆ పేరు నా కూతురికి ఇవ్వవూ? ముందు ఇద్దరు దక్కలేదు. ముక్కూమొహం తెలియని మనిషి జ్ఞానతల్లిగా నిలబడి, తన పేరు పెడితే ఇదైనా దక్కుతుందంటున్నారు.”

అలా అడిగితే కాదనేవాళ్లు ఆ నది ఒడ్డున ఎవరూ లేరు. ఓబ్దూలియాకు కాదనాలనీ లేదు. తన పెళ్లి గౌనుకు తెచ్చుకున్న లేసులోంచే కొంత కత్తిరించి పాప గౌనుకు వేసింది.

ఆదివారం అవతలి ఒడ్డు చర్చిలో బిడ్డను ఎత్తుకుని నిలబడింది. ఫాదర్ నీళ్లు పోస్తూ “ఓబ్దూలియా” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆమెకు కళ్లు చెమర్చాయి.

“ఇక బిడ్డ తల్లి నీకు అక్క, తండ్రి అన్న,” అన్నాడు ఫాదర్ చేతులు తుడుచుకుంటూ. “రక్తసంబంధం కంటే గట్టిది. దీన్ని మైల చేసినవాళ్లకు పెళ్లీ లేదు, పాపవిమోచనా లేదు. తెలుసుగా?”

“తెలియకేం ఫాదర్! ఇంతకీ మా అన్నయ్య ఏడీ?”

హెర్మెలిందా బిడ్డను అందుకుని, గుమ్మం వైపు తిరిగింది.

“రావయ్యా ఫిదెన్సియో, చెల్లెలు అడుగుతోంది.”