కొలత ఆవాలు

పళ్ళెంలో ఆవాలు పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతోంది ఆమె. పెళ్ళయిన కొత్త నుంచీ ఇంటి పక్కనున్న అదే కొట్టు, అవే ఆవాలు. సన్నగింజ, తేలిక. గట్టిగా ఊపిరి వదిలితే నాలుగైదు ఎగిరి కింద పడతాయి. సంత చివరి కొట్లో అయితే గింజ లావు, బరువూ ఉంటుంది. కానీ అంత దూరం ఎవరు నడుస్తారు? అందుకని ఊపిరి కూడా చూసి చూసి వదులుతోంది. పక్కగదిలో మాత్రం ఆమె భర్త, ఆమె తమ్ముడు ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటున్నారు.

ఇద్దరూ పనిచేసేది ఒకే మ్యూజియంలో. భర్త పుర్రెల విభాగానికి పెద్ద. వేల ఏళ్ళ కిందటి మనిషి మెదడు కంటే ఇప్పటి మనిషి మెదడు చిన్నదని ఆయన తేల్చాడు. ఆ మాట గోడ మీద బోర్డుగా వెలిసి చాలా ఏళ్ళయింది. ఆదివారాలు కూడా వెళ్ళి దాని మీది దుమ్ము ఆయనే తుడిచి వస్తాడు. అది శుద్ధ తప్పు అంటాడు తమ్ముడు. ఆ సాయంత్రమే టౌన్‌హాల్లో ఇద్దరికీ వాదన. గెలిచినవాళ్ళ మాటే ఇక గోడ మీద ఉంటుంది.

"తోడేలు కంటే కుక్కకు మెదడు చిన్నది. అడవిపంది కంటే ఇంటిపందికి చిన్నది. మచ్చికైన ప్రతి జంతువుకీ మెదడు చిక్కిపోయింది. మనిషి తనను తానే మచ్చిక చేసుకున్నాడు. ఇంకేం కావాలిరా నీకు?"

"కుక్క గొడవ కుక్కది బావా. ఒళ్ళు చిన్నదైతే తలా చిన్నదవుతుంది. చలిదేశంలో తల వేరు, ఎండదేశంలో తల వేరు. నాలుగు పుర్రెలు తూచి జాతి మొత్తానికీ బుర్ర తగ్గిందంటే ఎలా?"

"నాలుగా! అల్మారాల నిండా ఉన్నాయి. పాతకాలం పుర్రెలన్నీ పెళ్ళికి ముందే తూచాను. ఈమధ్య కాలంవి పెళ్ళయ్యాక తూచాను. తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది."

"పెళ్ళయ్యాక బుర్ర తగ్గిందంటే మీ ఒక్కరి విషయంలో ఒప్పుకుంటాను. దాన్ని లోకమంతటికీ ఎందుకు అంటగడతారు?"

ఆమెకు నవ్వొచ్చింది. పళ్ళెంలోంచి కొన్ని ఆవాలు ఎగిరిపోయాయి.

"నవ్వు, నవ్వు. పుట్టింటివాళ్ళ జోకులు నీకు తియ్యగానే ఉంటాయి," అంటూ భర్త గుమ్మంలోకి వచ్చాడు. "నా కళ్ళజోడేదీ?"

"నెత్తి మీద."

"చూశావురా! నేను చెప్పేది ఇదే. మన జ్ఞాపకాలు ఇంకొకళ్ళు మోస్తుంటే మనకు పెద్ద బుర్రెందుకు? మీ అక్క ఉంది కాబట్టే నాకీ కాస్త సరిపోతోంది."

"పోనీ, తగ్గలేదేమోనండీ," అంది ఆమె తలెత్తకుండా. ఆ మాట అనడం మొదటిసారి కాదు. బోర్డు పెట్టిన రోజు కూడా అంది.

భర్త ముఖం మాడ్చుకున్నాడు. "తమ్ముడనేసరికి ప్రేమ పొంగుకొస్తుంది. నీకేం తెలుసని?"

తమ్ముడే అందుకున్నాడు.

"అక్కనెందుకు అంటారు? మీ పద్ధతి సంగతి చూద్దాం. పుర్రె నిండా ఆవాలు పోస్తారు. ఆ ఆవాలు తూస్తారు. బరువును బట్టి లోపల చోటెంతో లెక్క కడతారు. అంతేగా?"

"అంతే. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, నీకు తప్ప."

"ఆవాలు ఎప్పుడూ అవేనా?"

"గింజ మారితే తూకం మారిపోదూ? ఆమాత్రం తెలియదా నాకు? బ్రహ్మచారిగా ఉన్నప్పుడు సంత చివరి కొట్లో కొన్నవే ఇప్పటికీ. కొత్తకాపురంలో మాకు ఒకటే గది, ఒకటే అల్మారా. పై అరలో నా పుర్రెలూ, ఆ ఆవాల డబ్బా; కింది అరలో మీ అక్క వంటసామాను. అప్పుడే ఏమీ కాలేదు. ఇప్పుడైతే తాళం కూడా వేసి ఉంచుతున్నాను."

"అయితే సాయంత్రం అందరి ముందూ తూయండి. మీ పాతకాలం పుర్రెల్లో ఏదో ఒకటి, అదే డబ్బాతో. మీరు అప్పుడు రాసిన తూకమే వస్తే నా కాగితాలు అక్కడే చించేస్తాను. రాకపోతే ఆ బోర్డు మీ చేత్తో మీరే దింపాలి."

"రాకపోవడమేమిట్రా! చచ్చినవాడి పుర్రె మళ్ళీ కుంచించుకుపోతుందా?" భర్త సంబరంగా చేతులు రుద్దుకున్నాడు. "విన్నావుటోయ్? నువ్వే సాక్షి."

ఆమె వేళ్ళు ఆవాల్లో ఆగిపోయాయి.

"మనలో మనకి ఈ పందేలెందుకండీ? ఒరేయ్, నువ్వైనా ఊరుకోరా."

"నా గురించి బెంగపడకక్కా. ఓడినా రేపు భోజనానికి ఇక్కడికే వస్తాను."

"భయపడకు, మీ తమ్ముణ్ణి మరీ ఏడిపించనులే," అన్నాడు భర్త.

ఆయన లోపలికెళ్ళి తాళం తీసి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు డబ్బాను రెండు చేతులా తెచ్చాడు. ఆమె ఎదురుగా బల్ల మీద పెట్టి, పైపంచెతో మూత తుడిచాడు. ఆయన ముఖంలో ఇంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! ఆ చేతులే బోర్డు దింపుతుంటే ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోలేకపోయింది.

"సాయంత్రం దాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు," అని హెచ్చరించి, ఆయన మళ్ళీ తోడేలు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. తమ్ముడు మళ్ళీ ఒళ్ళూ తలా అంటూ లంకించుకున్నాడు.

ఆమె పళ్ళెం పక్కన పెట్టింది. మేకుకు తగిలించిన సంచీ తీసుకుంది. చెప్పులు వేసుకుని, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా గడప దాటి, సంత చివరి కొట్టు వైపు గబగబా నడిచింది.

ఆయన కొన్న ఆవాలు కొత్తకాపురంలోనే కూరల్లో అయిపోయాయి. డబ్బాలో ఉన్నవి ఆ తర్వాత ఆమె నింపిన సన్నగింజలే.